గీత కలవని చోటు

రేవు గంట వరదలో కొట్టుకుపోయిన ఏడాది అది. ఏరు పొంగి సముద్రంలోకి పరిగెత్తే దారిలో గంటనీ, దాని స్తంభాన్నీ మొదలంటా పెకలించి పట్టుకుపోయింది. ఆ తర్వాత చాలాకాలం మావాళ్లు ఏ సంగతి చెప్పినా గంట పోకముందు అనో, గంట పోయాక అనో చెప్పేవాళ్లు. ఇది గంట పోయాక, కొత్తది కట్టకముందు జరిగింది.

పిల్లలూ, మీ బడి పుస్తకంలో పటాలాయన మీద పాఠం ఉంది. మొన్న నాకు చదివి వినిపించారు. ఎవరూ చూడని తీరాలు చూశాడని, పటాలు గీశాడని, దేనికీ భయపడలేదని రాశారు. పాఠం కింద ఆయన గీసిన పటం కూడా వేశారు. అందులో పైన కుడిపక్క తీరం గీత ఒకచోట ఆగిపోయి, కొంచెం ఖాళీ వదిలి, మళ్లీ మొదలవుతుంది. మీరు అడిగితే అచ్చులో పోయి ఉంటుందన్నారట మీ పంతులుగారు. అచ్చులో పోలేదు. ఆ పటాలాయన మా అన్నయ్య. ఆ గీత అక్కడ ఆగిన రోజు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. మీ అమ్మమ్మ కూడా ఉంది. అప్పుడు తను బల్ల కింద దూరేంత పిల్ల. ఇప్పుడు దూరితే ఇరుక్కుపోతుంది.

నేను తాళ్లు పేనేవాణ్ణి. నార నడుముకి చుట్టుకుని, కొస రాట్నం కొక్కేనికి తగిలించి, ఇంకొకరు చక్రం తిప్పుతుంటే నార వదులుకుంటూ పాక పొడుగునా వెనక్కి నడవాలి. మా పని మొత్తం వెనక నడకే. పెద్దవాడు ముందుకు నడిచి లోకం చివరికి పోయాడు, చిన్నవాడు వెనక్కి నడిచి పాక చివరికి పోయాడు అని వీధిలో వాళ్లు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి. అన్నయ్య సముద్రం లోతు కొలిచే తాడు నేను పేనిందే. దాని కొసకి సీసపు గుండు కట్టి నీళ్లలోకి వదులుతారు. గుండు అడుగున మైనం పెడతారు. అడుగు తాకితే ఆ మైనానికి ఇసకో బురదో అంటుకుని వస్తుంది. అలా ఒక్కొక్కచోట వదిలి చూసుకుంటూ ఓడని నడిపించేవాడు అన్నయ్య.

వరదకి నా పాకలో మోకాలిదాకా బురద నిండింది. ఇంటి గోడ కూలింది. మా ఆవిడనీ, పిల్లనీ, అంటే మీ అమ్మమ్మనీ, తీసుకుని మెరక మీద ఉన్న అన్నయ్య ఇంటికి చేరాను. అన్నయ్య సముద్రం మీద ఉన్నాడు. వాళ్లబ్బాయీ ఆ ఓడలోనే ఉన్నాడు. ఒక్కడే కొడుకు. పొడుగోడు అనేవాళ్లం. ఆ ఇంటి గుమ్మం వాడికి చాలేది కాదు. వచ్చినప్పుడల్లా నుదురు కొట్టుకునేవాడు. వదిన గుమ్మం పైకమ్మికి పాత గుడ్డ మెత్తగా మడిచి కట్టింది. వరద ఆ ఇంటి మెట్లదాకానే వచ్చింది గానీ, వాన జల్లుకి ఆ గుడ్డ తడిసి ముద్దయింది. నీళ్లు తీశాక ఇంట్లో ఆవిడ మొదట ఉతికి ఆరేసింది ఆ గుడ్డనే.

ఓడ వస్తే గంట కొట్టేవాళ్లు. గంట వినగానే ఆడవాళ్లు చేతిలో పని వదిలేసి రేవుకి పరిగెత్తేవాళ్లు. ఆ ఏడాది గంట లేదు. వదిన మెట్ల మీద కూర్చుని రేకు ముక్కతో బురద గీకుతోంది. అన్నయ్య తనంతట తనే నడిచి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. చంకలో పటాల గొట్టం ఉంది.

"వచ్చారా" అంది వదిన. అని, ఆయన భుజం మీదుగా వీధి మలుపు వైపు చూసింది. "వాడు సామాను తెస్తున్నాడా?"

అన్నయ్య చంకలో గొట్టం సర్దుకున్నాడు.

"ఓడలో ఉన్నాడా? ఒంట్లో బాలేదా?"

"ఓడలో లేడు. లోపలికి రా."

వదిన లేవలేదు. రేకు ముక్క ఇంకా చేతిలోనే ఉంది. నేను వెళ్లి అన్నయ్య చంకలోంచి గొట్టం అందుకున్నాను. అది చాలా తేలిగ్గా ఉందని ఇప్పటికీ గుర్తు.

ఆ మాట అన్నయ్య నోటితో చెప్పలేకపోయాడు. ముందు గదిలో పెద్ద బల్ల మీద చిత్తు పటం పరిచి, వేలు పెట్టి చూపించాడు. ఇంట్లో అందరం బల్ల చుట్టూ నిలబడ్డాం.

"ఇక్కడిదాకా దగ్గరగానే వచ్చాం. ఈ కొండ చూశాను. ఇక్కణ్ణించి పొగమంచు. ఎన్నాళ్లున్నా తెరిపి ఇవ్వలేదు. ఇవతల మళ్లీ కొండ కనిపించింది. మధ్యలో సందు ఉందేమో చూసొస్తానన్నాడు. చిన్న పడవ దింపుకున్నాడు. ఇద్దరు కళాసులు కూడా వెళ్లారు."

"మీరు పొమ్మన్నారా?"

"పొమ్మన్నాను."

వదిన తల ఊపింది.

"ఫిరంగులు పేల్చాం. మంటలు పెట్టాం. గాలి వచ్చి ఓడని సముద్రం లోపలికి తోసేసింది. తిరిగి వెళ్లాను. మళ్లీ మంచే. తాగే నీళ్లు అయిపోయాయి. మిగతావాళ్లని..." అన్నయ్య అక్కడ ఆపేశాడు.

రెండు గీతల మధ్య తెల్లగా ఉన్నచోట వదిన వేలు పెట్టింది. "ఇక్కడా?"

"అక్కడే."

"ఇక్కడ ఏముంది?"

"తెలీదు."

"తెలీదంటే లేడని కాదుగా."

"కాదు" అన్నాడు అన్నయ్య.

ఆ రోజు నుంచి మా ఇంట్లో బెంగంతా ఆ జానెడు తెల్ల కాగితం మీదే ఉండేది.

అన్నయ్య పటం ఎలా గీసేవాడో చెప్పాలి, లేకపోతే మీకు మిగతాది తెలీదు. దగ్గరగా వెళ్లి, గుండు వేసి, లోతు కొలిచినచోట నిండు గీత గీసేవాడు. దూరం నుంచి కంటితో మాత్రమే చూసినచోట చుక్కలు పెట్టేవాడు. చూడనిచోట కాగితం అలాగే వదిలేసేవాడు. చిన్నప్పుడూ అంతే. మా వీధి బొమ్మ గీసి, పక్కింటి పెరడు ఖాళీగా వదిలేశాడు. ఏరా అంటే, గోడ అడ్డం ఉంది, నాకు కనబడలేదు అన్నాడు. ఆ పెరట్లో జామచెట్టుకి రోజూ రాళ్లేసేవాళ్లం, అందులో ఏముందో వీధి మొత్తానికి తెలుసు. అయినా గీయలేదు.

ఓడ మీద గీసింది చిత్తు పటం. ఇంటికొచ్చాక దాన్ని మంచి కాగితాల మీదికి ఎక్కించాలి. ఒకటి ఓడలు పంపే రేవు కచేరీకి, ఒకటి అచ్చుకి, ఒకటి తన దగ్గరికి. అది వదిన పని. పెళ్లయిన కొత్తలో నేర్చుకుంది. బల్ల మీద కంబళి పరిచి, దాని మీద మంచి కాగితాలు, వాటిపైన చిత్తు పటం పెట్టి, తీరం గీత వెంబడే సన్నటి సూదితో పొడుస్తూ పోవాలి. చిత్తు తీసేస్తే అడుగు కాగితాల్లో సూది కంతల వరస మిగులుతుంది. అన్నయ్య కలం సిరాలో ముంచి ఆ కంతలు కలుపుకుంటూ పోతాడు. తప్పు కంత పడితే నున్నటి గవ్వతో రుద్ది పూడ్చేవాళ్లు. చదువు రాకపోయినా లోకంలో తీరాలన్నీ వదిన వేళ్లకి తెలుసు. సముద్రానికి కుట్లు వేసే ఆవిడ అనేవాళ్లు వీధిలో. ఆవిడకి అది ఇష్టంగానే ఉండేది.

కచేరీ పెద్దాయన ఒక సాయంత్రం వచ్చాడు. భారీ మనిషి. మెట్లెక్కి ఆయాసపడుతూ నా తాడు చుట్ట మీదే కూలబడ్డాడు. చెడ్డవాడు కాదు. పొడుగోడి గురించి తెలిసి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత పటం చూశాడు.

"ఇదేంటి, పన్ను ఊడిన నోరులా?"

బల్ల కింద నుంచి మీ అమ్మమ్మ తల బయటపెట్టి, తన ఊడిన పన్ను చూపించింది.

"నీది మళ్లీ వస్తుంది తల్లీ" అన్నాడాయన. "మీ పెదనాన్నది మనమే పెట్టాలి. ఏం పటాలాయనా, జానెడు గీత. కలిపేయండి."

"నేను చూడలేదండి."

"అటు కొండ చూశారు. ఇటు కొండ చూశారు. మధ్యలో కొండ కాక కొబ్బరితోట ఉంటుందా?"

"ఉండదేమో. నేను చూడలేదు."

"సందు ఉండొచ్చుగా" అంది వదిన లోపలి గుమ్మంలోంచి.

పెద్దాయన తల దించుకున్నాడు. "ఉండొచ్చమ్మా. నేను కాదనను." మళ్లీ అన్నయ్య వైపు తిరిగాడు. "చూడండి, కంత ఉన్న పటం పంపిస్తే పైవాళ్లు నా నెత్తిన చెయ్యి పెడతారు, దీవించడానికి కాదు. వచ్చే కాలానికి ఓడ మీకే ఇప్పించాలని ఉంది నాకు. నిండు పటం చేతికిస్తే గట్టిగా అడుగుతాను. గాలి మారి ఓడలు బయల్దేరేలోపు ఆలోచించుకోండి."

ఆయన వెళ్లాక నేను నోరు తెరిచాను. నేను మాట్లాడటమే తక్కువ. ఆ రోజు మాట్లాడాను.

"కలిపెయ్ అన్నయ్యా. ఓడ వస్తుంది. నువ్వే వెళ్లి వెతకొచ్చు."

"నేను కలిపేసిన గీత దగ్గర వెతకడానికి నాకు ఓడ ఎవరిస్తార్రా?"

వదిన వింటోంది. "కలిపేస్తే ఇంక అటు ఎవరూ వెళ్లరా?"

"వెళ్లరు. గీత ఉందంటే ఎవరో చూసేశారని అర్థం. చూసేసినచోటికి పనిగట్టుకుని ఎవరు పోతారు?"

వదిన గుమ్మం పైన గుడ్డ వంక చూసి, లోపలికి వెళ్లిపోయింది. మా ఆవిడ వెనకే వెళ్లింది. లోపల గిన్నెల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

వారం గడిచిందో ఇంకా ఎక్కువో. గాలి ఇంకా మారలేదు. అన్నయ్య రేవులో ఓడ మరమ్మతు చూడటానికి వెళ్లిన ఒక పొద్దుటి పూట వదిన బల్ల మీద కంబళి పరిచింది. నేను గుమ్మంలో కూర్చుని నార దువ్వుతున్నాను. సూది చప్పుడు వినపడుతోంది. చిన్న చప్పుడే, మంచి కాగితం చిల్లు పడేటప్పుడు టిక్కుమంటుంది. ఆ చప్పుడు నాకు ఏళ్లుగా అలవాటు. గీత ఆగినచోట చప్పుడు ఆగాలి. సూది ఎత్తి, ఖాళీ దాటి, అవతల పెట్టాలి.

చప్పుడు ఆగలేదు. నెమ్మదించింది అంతే. టిక్కు, టిక్కు అని, ఒక్కొక్కటే, ఆలోచించుకుంటూ పొడుస్తున్నట్టు వినపడింది. నేను తలెత్తలేదు. మీ అమ్మమ్మ బల్ల కింద తన బొమ్మతో ఏదో చెప్పుకుంటోంది.

అన్నయ్య మధ్యాహ్నం వచ్చాడు. కాళ్లు కడుక్కుని, కాగితం ఒకటి తీసి, ఎప్పుడూ చేసేలాగే కిటికీకి అడ్డంగా పట్టుకున్నాడు. ఎండ కంతల్లోంచి వస్తుంది. తీరమంతా వెలుగు చుక్కలై కనిపిస్తుంది. పిల్లలు అది చూడటానికి ఎగబడేవాళ్లు. ఆ రోజు నేనూ చూశాను.

ఖాళీ ఉండాల్సినచోట రెండు వరసల చుక్కలు లోపలికి తిరిగి ఉన్నాయి. మొదట వెడల్పుగా, తర్వాత సన్నగా, ఏటి నోరులా. చివర గుండ్రంగా ముగిశాయి. అలలు రాని చోటులా, ఒక చిన్న పడవ కట్టేసుకోవడానికి సరిపోయేటట్టుగా.

దేనికీ భయపడలేదని మీ పుస్తకంలో ఉంది కదా. ఆ కాగితం అన్నయ్య చేతుల్లో వణికింది. వెలుగు చుక్కలన్నీ వణికాయి. నేను చూశాను.

"ఇదేంటి?" అన్నాడు.

"ఏటి నోరు" అంది వదిన.

"ఎవరు చూశారు?"

"వాడు చూసుంటాడు."

అన్నయ్య కాగితం బల్ల మీద పెట్టాడు. చాలాసేపు దాన్ని చదును చేస్తూనే ఉన్నాడు, మడత ఏమీ లేకపోయినా.

"దీన్ని నమ్ముకుని ఎవరో ఒకరు పడవ తోస్తారు. లోపల రాళ్లే ఉంటే?"

వదిన సూదిని కంబళికి గుచ్చింది.

"మనవాడిలాంటివాడే తోస్తాడు" అన్నాడు అన్నయ్య.

"అయితే కలిపేస్తారా?"

"కలపను."

"వాళ్లు ఓడ ఇవ్వరు."

"ఇవ్వరు."

"మరి ఏం చేస్తారు?"

"ఎక్కడిదాకా చూశానో అక్కడిదాకా గీస్తాను."

వదిన కాసేపు ఆయన ముఖం చూసింది. తర్వాత బల్ల సొరుగు లాగి గవ్వ తీసింది. కాగితం తిరగేసి, తను పొడిచిన కంతల్ని ఒక్కొక్కటే రుద్దడం మొదలుపెట్టింది. గుండ్రంగా ఉన్నచోటు నుంచి మొదలుపెట్టి బయటికి వచ్చింది. అన్నయ్య కలం పట్టుకుని కూర్చున్నాడు, సిరాలో ముంచకుండా. ఆవిడ అన్ని కాగితాలూ పూర్తిచేసేదాకా అలాగే కూర్చున్నాడు. మీ అమ్మమ్మని బల్ల కింద నుంచి ఎత్తుకుని నేను వీధిలోకి వెళ్లిపోయాను.

మేం తిరిగి వచ్చేసరికి గీత ఎండుతోంది. అటు కొండ దగ్గర ఆగింది. ఇటు కొండ దగ్గర మొదలైంది.

"ఆ మధ్యలో ఏమైనా రాస్తారా?" అని అడుగుతోంది వదిన.

"రాస్తాను."

"ఏమని?"

"ఇక్కడ మంచు పట్టింది, చూడలేదు అని."

"రాయండి."

మీ పుస్తకంలో ఆ ఖాళీలో చీమలబారులా కనిపించేది అదే. భూతద్దం పెట్టి చూస్తే చదవొచ్చు. మీ పంతులుగారికి చెప్పండి.

గాలి మారే ముందు రోజుల్లో అన్నయ్య, నేను గొట్టం పట్టుకుని కచేరీకి వెళ్లాం. పెద్దాయన పటం పరిచి, నేరుగా ఆ మూలకే చూశాడు.

"కలపలేదన్నమాట."

"లేదండి."

"ఓడ ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుంది."

"ఇవ్వండి."

"మీ మొండితనం తగలెయ్య" అన్నాడు పెద్దాయన. కానీ పటాన్ని పక్కకి తొయ్యలేదు. "సరే, పంపిస్తాను. తిట్లు నాకు కొత్తేం కాదు."

ఆ ఓడ తీసుకోబోయేవాడు కూడా గదిలోనే ఉన్నాడు. గడ్డం సరంగు అనేవాళ్లు, గడ్డం బొడ్డుదాకా ఉండేది. అన్నయ్యకి ఆయనకి ఎప్పుడూ పడేది కాదు. ఆయన లేచి వచ్చి, గడ్డం పటానికి తగలకుండా చేత్తో పట్టుకుని వంగి చూశాడు.

"ఇక్కడ ఏముంది?"

"తెలీదు" అన్నాడు అన్నయ్య.

"నీకు తెలీదా?"

"తెలీదు."

సరంగు ఆ మాట కోసం ఎన్నాళ్లుగానో చూస్తున్నాడనుకుంటాను. కానీ నవ్వలేదు. వేలు ఆ ఖాళీ అంచు మీద పెట్టి, "లోతెంత?" అన్నాడు.

"నా తాడు అడుగుకి అందలేదు."

"అయితే ఇంకా పొడుగు తాడు కావాలి." సరంగు నా వైపు తిరిగాడు. "తాళ్లు పేనేది నువ్వేగా?"

"నేనే."

"వెళ్లేది అటేగా. చూసే పోతాను."

ఆయన వెళ్లాడు, చూశాడు. మీ బడి గోడ మీద ఉన్న కొత్త పటంలో అక్కడ గీత కలిసే ఉంటుంది, గమనించండి. కచేరీ పెద్దాయన అన్నట్టు అది కొండే. కొండ కింద రాళ్లు. పడవ గురించి ఎవరికీ ఏమీ తెలియలేదు. ఆ పటం మంచి కాగితాల మీదికి ఎక్కించింది కూడా వదినే. కానీ ఇదంతా తర్వాత సంగతి. ఆ రోజు మాకు ఇవేవీ తెలియవు.

ఇంటికి వచ్చేసరికి వదిన మెట్ల మీద ఉంది. అన్నయ్య ఖాళీ గొట్టం గోడకి ఆనించాడు.

"ఓడ ఆయనకి ఇచ్చారు. గడ్డం సరంగుకి."

"ఊఁ."

"అటు వెళ్తానన్నాడు. ఖాళీ చూసి, తనే అడిగాడు."

వదిన మెట్టు మీద కొంచెం పక్కకి జరిగి ఆయనకి చోటిచ్చింది. తర్వాత నన్ను చూసింది.

"ఏం మరిదీ, నీ పాక ఎండిందా?"

"ఇంకా బురదే వదినా. సరంగు పొడుగు తాడు అడిగాడు. పాక ఎండినా ఆ పొడుగు పట్టదు."

"వీధి పట్టదా?"

"వీధి పడుతుంది. నడిచేవాళ్లు తిడతారు."

"తిట్టనీ."

మర్నాడు తెల్లవారుతూనే నేను, అన్నయ్య పాకలోకి దిగి, రాట్నాన్ని బురదలోంచి పైకి లాగాం. నూతి దగ్గర కడిగి, ఇరుసుకి నూనె రాసి, మెట్ల ముందు నిలబెట్టాం. నార నడుముకి చుట్టుకుని, కొస కొక్కేనికి తగిలించాను. అన్నయ్య చక్రం తిప్పబోతే, ఆయన చెయ్యి పక్కకి తీసి వదినే పట్టుకుంది. తిప్పమన్నాను. నార వదులుకుంటూ, వాళ్లిద్దరినీ చూస్తూ, వీధి చివరిదాకా వెనక్కి నడిచాను.